సిబ్బిలో పూలు, సట్టిలో కూర

భాద్రపదం సగం దాటేసరికి తెలంగాణ పల్లెల్లో ఎటు చూసినా పసుపే. బీళ్లలో తంగేడు, పెంట దిబ్బ మీద గుమ్మడి, పందిరి మీద బీర, చేను గట్టున బంతి. జొన్నచేలల్లో, కూరగాయల మళ్లలో ఎవరూ విత్తకుండానే మొలిచిన గునుగు వెండి కంకులెత్తి నిలబడుతుంది. వానలు వెనకపట్టు పడతాయి, చెరువులు నిండి ఉంటాయి. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమికి సద్దులతో ముగిసే బతుకమ్మ ఈ రోజుల్లోనే ఎందుకు వస్తుందో పెరట్లో ఒక్కసారి నిలబడితే తెలిసిపోతుంది. బతుకమ్మ పాటల గురించి మనం చాలానే చెప్పుకున్నాం. చేతిపని గురించి, ఆ కాలపు వంట గురించి చెప్పుకోవలసింది ఇంకా మిగిలే ఉంది. నా మటుకు బతుకమ్మ పేర్చడం, పెరటి కాపు వండుకోవడం రెండూ ఒకే విద్య. ఏ పువ్వు తెంపాలో, ఏది తీగకు వదలాలో ఎరిగిన చేతులే ఈ రెండు పనులూ చేస్తాయి.

ముందు పేర్చడం సంగతి. ఇత్తడి సిబ్బిలో గానీ తాంబాలంలో గానీ గుమ్మడాకులో ఆముదపాకులో పరుస్తారు. అంచు వెంట తంగేడు గుత్తులు, వాటి మీద గునుగు, ఆపైన బంతి, కట్లపూలు, చామంతి. పూల తలలు బయటికి, కాడలు లోపలికి ఉండాలి. ఒక వరుస తిరిగి రాగానే నడుమ పడిన గుంటను తంగేడాకుతో, కత్తిరించిన గునుగు కాడలతో గట్టిగా నింపాలి. పని అంతా ఈ నింపడంలోనే ఉంది. ఇక్కడ వదులైతే నాలుగైదు వరుసలు లేచేసరికి బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. పైకి పోయేకొద్దీ ఒక్కో వరుసను కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ రావాలి. శిఖరాన గుమ్మడిపువ్వు, దానిలో పసుపు గౌరమ్మ.

ఇన్ని పూలలో గునుగుకే అంత చోటు ఎందుకంటే, అది వాడదు. దాని రేకులు పలచని కాగితంలా పొడిగా ఉంటాయి. కోసిన మర్నాటికీ రూపు చెడదు, పై వరుసల బరువుకు నలగదు. ఆకులు దూసేసి, కాడలన్నీ ఒకే పొడవుకు కోసి, చిన్న కట్టలుగా దారంతో బిగిస్తే వరుస ఎక్కడా ఎగుడుదిగుడు కాదు. కొసలను రంగునీళ్లలో ముంచే అలవాటు ఉంది. అయితే ఇప్పుడు వాడే ఘాటు రంగులు పువ్వు సొగసును కప్పేస్తున్నాయి, పైగా అవన్నీ చివరికి చెరువులోకే చేరుతున్నాయి. రంగు వేయని గునుగును ఎండలో పట్టి చూడండి. అడుగున తెలుపు, కొసన లేత గులాబీ. తంగేడు పసుపు పక్కన దానికి వేరే రంగు అక్కర్లేదు.

కలుపుమందు కొట్టిన చేలల్లో గునుగు మిగలడం లేదు. పట్నంలోనైతే కట్టకు ఇంతని బేరమాడి కొనుక్కుంటున్నాం. పెరడున్నవాళ్లు ఒక మూల దాన్ని పెరగనివ్వడం మంచిది. కంకి వేయకముందు లేత ఆకు కూరకూ పనికొస్తుంది. పప్పులో వేసుకోవచ్చు, ఎల్లిపాయ కారంతో వేపుకోవచ్చు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు, విత్తకుండా చేలో మొలిచే ఇలాంటి ఆకుకూరల విలువను ఏళ్లుగా చాటి చెబుతున్నారు. కలుపని పీకి పారేసే మొక్కే పండుగకు పువ్వు, పూటకు కూర.

ఇక గుమ్మడి. దీని దగ్గర కాస్త ఆగాలి. తీగకు మగపూలు ముందు, ఆడపూలు తర్వాత పూస్తాయి. మగపువ్వు సన్నటి పొడుగాటి కాడ మీద నిలబడుతుంది. ఆడపువ్వు కాడ పొట్టిది, రేకుల కిందే గోలీకాయంత పిందె ఉంటుంది. "పిందె ఉన్నది ముట్టకు బిడ్డా" అని పెద్దవాళ్లు పిల్లలకు ముందే చెప్పి పంపేది ఇందుకే. మగపూలనైనా అన్నీ తెంపకూడదు. తేనెటీగ పుప్పొడి మోసుకురాకపోతే పిందె పండుబారి రాలిపోతుంది. తీగకు రెండు మూడు వదిలి మిగతావి కోసుకోవాలి, అదీ తెల్లవారుజామునే. పొద్దెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది. గౌరమ్మ కోసం కోసినదాన్ని తడిబట్టలో చుట్టి నీడలో పెట్టుకుంటే పేర్చేవేళకు మరీ వడలిపోకుండా ఉంటుంది.

మిగిలిన పూలు పొయ్యి మీదికి. అడుగున చుట్టూ ఉండే గరుకు తొడిమ రెక్కలను గిల్లేయాలి. రేకులను నిలువునా చీల్చి, చీమలుంటే దులిపి, లోపలి పసుపు కాడను తీసేయాలి. అది చిరుచేదు. పెసరపప్పును పలుకు మీద ఉండగానే దించుకోవాలి. నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ వేగాక ఉల్లిగడ్డ మగ్గించి, పప్పూ పసుపూ ఉప్పూ వేసి, అన్నిటికన్నా చివర తరిగిన పూలు వేయాలి. రెండు మూడు నిమిషాలు చాలు. ఇంకాసేపు ఉంచితే పూలు జిగటబారి పప్పులో కలిసిపోతాయి. సరిగ్గా దించితే రేకు మెత్తగా, కొద్దిగా తియ్యగా నాలుకకు తగులుతుంది. జొన్నరొట్టెకు ఇంతకన్నా మంచి జోడు నాకు తెలియదు. శనగపిండిలో ముంచి బజ్జీలు వేసేవాళ్లూ ఉన్నారు, అయితే నూనె పీల్చుకున్నాక ఆ సున్నితం ఉండదు.

బీర పద్ధతి వేరు. గుమ్మడిపువ్వు ముడుచుకున్న ఎంతోసేపటికి, పొద్దు వాలుతుండగా బీరపువ్వు విచ్చుకుంటుంది. ఆడపడుచులు బతుకమ్మలెత్తుకుని బయల్దేరే వేళకు పందిరి నిండా పసుపు. కాయ కూరకు పోగా పొట్టు తొక్కుకు మిగులుతుంది. పొట్టును నూనెలో పచ్చిమిర్చితో మగ్గించి, వేయించిన నువ్వులు, కాస్త చింతపండు వేసి రోట్లో నూరాలి.

బంతి పువ్వుకే కాక చేనుకూ కాపు. టమాటను తొలిచే శనగపచ్చ పురుగుకు అది ఎర పంట. 16 వరుసల టమాటకు ఒక వరుస బంతి వేయాలని ఉద్యాన శాస్త్రవేత్తలు చెబుతారు. పురుగు తల్లి బంతిపూల మీద గుడ్లు పెడుతుంది, కాయ బతుకుతుంది. అన్నట్టు బంతీ గుమ్మడీ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. వచ్చి మన సిబ్బిలో తంగేడు సరసన కూర్చున్నాయి.

తొమ్మిది రోజుల నైవేద్యాలు అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలుగా సాగి, ఆఖరి నాడు సద్దులకు వస్తాయి. పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది. వాటితో పాటు మలీద, సత్తుపిండి. జూన్‌లో వేసిన పెసర్లు అప్పటికి ఇల్లు చేరి ఉంటాయి, మక్కలూ చేతికొస్తుంటాయి. వాటినే దోరగా వేయించి, విసిరి, చక్కెర కలిపి చెరువు గట్టున అందరికీ పంచుతారు. ఒక ఇంటి సత్తుకూ మరో ఇంటి సత్తుకూ రుచి కలవదు. ఎవరి చేతిలోది వారే గుర్తుపడతారు.

అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన మన ఆడబిడ్డలకు తంగేడు దొరకదు. అక్కడి వేసవి చివర పెరళ్లలో పూసే బంతి, జినియా, డాలియాలతో పేరుస్తున్నారు. అదీ సరైన పద్ధతే. ఆ రుతువులో ఆ నేల ఇచ్చిన పువ్వుతోనే పేర్చడం అసలు ఆచారం. థర్మకోల్ దిమ్మె మీద ప్లాస్టిక్ పూలు గుచ్చడం మాత్రం, ఎంత ముచ్చటగా ఉన్నా, నాకు మనసొప్పదు.

సద్దుల మర్నాడు పెరట్లో పని మళ్లీ ఉంటుంది. ఎండిన బంతితలలు, గునుగు కంకులు నలిపి గింజ దాచుకోవాలి. నాడు తెంపకుండా వదిలిన గుమ్మడి పిందెలు అప్పటికే పిడికిలి దాటి ఉంటాయి. వాటి కింద వరిగడ్డి వేస్తే తడినేల తగిలి కుళ్లవు. కాయ తొడిమ ఎండి, గోరు గుచ్చినా తోలు దిగకుండా గట్టిపడ్డాక తొడిమతో సహా కోసి అటక మీద పెట్టుకుంటే, సంక్రాంతికి పులుసులోకి ముక్కలు తరుగుకోవచ్చు.