సాగిన నవ్వు, వణికే తీగ

సౌండ్‌గార్డెన్ బృందం 1994లో విడుదల చేసిన ‘బ్లాక్ హోల్ సన్’ పాటలో మనల్ని మొదట పట్టుకునేది గొంతు కాదు, కుదురుగా నిలవని గిటార్ నాదం. ఆ ఊగులాటకు మూలం లెస్లీ స్పీకర్. ఆర్గన్ వాద్యం కోసం డాన్ లెస్లీ రూపొందించిన పెట్టె అది. లోపల స్పీకర్ కదలదు. దాని ముందు, ఒక పక్క తెరిచి ఉన్న డ్రమ్ము మోటారుతో గిర్రున తిరుగుతుంది. తెరిచిన వైపు మనకేసి వస్తుంటే శ్రుతి వెంట్రుకవాసి పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. స్టేషన్లో ఆగకుండా దూసుకుపోయే రైలు కూతలో వినిపించేదీ ఇదే. ఇక్కడ క్షణక్షణమూ జరుగుతుంది.

పాట రాసిన క్రిస్ కార్నెల్ చరణాల్లో తీగలన్నీ కలిపి బాదించలేదు, ఒక్కొక్కటే మీటేలా కూర్చాడు. అందువల్ల ప్రతి స్వరమూ మోగి ఆరేలోపు కాస్త వంగడం విడిగా తెలుస్తుంది. అన్నిటికన్నా లావు తీగను రెండు ఫ్రెట్లంత దించి శ్రుతి చేశారు. పల్లవిలో డిస్టార్షన్ గిటార్లు దిగగానే ఆ అడుగు బరువంతా మీద పడుతుంది. అయినా బాణీలో తీపి పోదు. భయం పుట్టేది ఆ తీపి నిలకడ తప్పడంలోంచే.

వీడియో తీసిన హోవర్డ్ గ్రీన్‌హాల్ష్ కంటికీ అదే పని చేశాడు. చీకటి గదుల జోలికి పోలేదు. పట్టపగలు, కత్తిరించిన పచ్చిక, ముదురు రంగుల అమెరికన్ కాలనీ. మనుషులు నవ్వుతుంటారు, ఆ నవ్వు ఆగాల్సిన చోట ఆగదు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో పెదవుల కొసల్ని చెంపల మీదికి లాగారు, కళ్లు పెద్దవి చేశారు. రాక్షసి ముఖమైతే కథేలే అనుకుంటాం. ఇది పక్కింటావిడ ముఖమే, కాస్త సాగింది, అంతే.

బృందమేమో మైదానంలో ఏ భావమూ లేకుండా నిలబడి వాయిస్తుంది. ఉత్సాహం నటించబోమని వాళ్లు దర్శకుడికి ముందే చెప్పారు. పళ్లికిలించే ఆ ఊళ్లో నవ్వని నాలుగు ముఖాలు ఎంత ఊరటో!

చివర సూర్యుడు నల్లటి బిలమై జనాన్ని పైకి లాగేసుకునే ఘట్టం భారీగానే ఉంటుంది. నాకు మాత్రం అంతకన్నా ముందు, ఎండలో బార్బెక్యూ మీద కాలుతున్న బార్బీ బొమ్మను చూసినప్పుడే ఎక్కువ వణుకు పుడుతుంది.