చేవెళ్ల రోడ్డుకు తగిన స్ప్రింగు

అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా సాగే బీజాపూర్ రోడ్డు హైదరాబాద్‌లో పాత కార్ల మోజున్నవాళ్లకు బాగా తెలిసిన దారి. సెలవురోజు తెల్లవారుజామున బయల్దేరితే అనంతగిరి గుట్టల మలుపుల దాకా వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. అందుకోసం పాత కారును సిద్ధం చేసేవాళ్లలో చాలామంది ముందు ఇంజను మీద డబ్బు పెడతారు. తర్వాత వెడల్పు టైర్లు కొంటారు. చివర్లో స్ప్రింగులు కోయించి బండిని కిందికి దించుతారు. ఈ వరుస తలకిందులుగా ఉంది. పాత కారు చురుగ్గా నడవాలంటే మొదట చూడాల్సింది సస్పెన్షన్. అది ఎంత గట్టిగా ఉందన్నది కాదు, ఆ కారు బరువుకూ అది తిరిగే రోడ్డుకూ ఎంతవరకు కుదిరిందన్నదే అసలు లెక్క. అలా కుదిర్చే పనితనం మన కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) పనివాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది. దానికి కొలత తోడైతే పెట్టెలో వచ్చే విదేశీ కిట్టుకన్నా మేలైన ఫలితం వస్తుంది.

ఇంజనుకే మొదటి చోటిచ్చే మజిల్ కారు అమెరికాలో పుట్టింది. 1964 పాంటియాక్ జీటీఓతో ఆ మోజు ఊపందుకుంది. మామూలు కారులో పెద్ద వీ8 ఇంజను పెట్టడమే దాని సూత్రం. శక్తి పెరిగింది గానీ కింది నిర్మాణం చాలావరకు పాతదే. 1967లో వచ్చిన షెవర్లే కమారోకు వెనుక ఒక్కో పక్క కమాన్‌లో ఒకే పట్టీ ఉండేది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆ పట్టీ మెలితిరిగి, వెనుక చక్రాలు నేల మీద ఎగిరెగిరి పడేవి. మరుసటి ఏడాది మోడల్లో ఒక షాక్ అబ్జార్బర్‌ను యాక్సిల్‌కు ముందు, రెండోదాన్ని వెనుక బిగించి ఆ జబ్బును తగ్గించారు. ఫోర్డ్ మస్టాంగ్‌ను 1965లో షెల్బీ జీటీ350గా మార్చినప్పుడు ముందు పై ఆర్ముల బిగింపును ఒక అంగుళం కిందికి జరిపారు, కోనీ షాకులు వేశారు. పై ఆర్మును కిందికి జరపడంతో మలుపులో కారు వాలినా బయటి చక్రం నిటారుగా నిలిచి, టైరు అడుగంతా నేలకు ఆనింది. ఖర్చు చూస్తే స్వల్పం, ఫలితం చూస్తే గొప్పది. మన దేశంలో ఆ అమెరికా కార్లు అరుదు. ఇక్కడ మజిల్ కారన్న పేరు హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సాకు దక్కింది. 1984లో 1489 సీసీల పాత ఇంజనుతో వచ్చి, తర్వాత 1.8 లీటర్ల ఇసుజు ఇంజను అందుకుని, 2002 దాకా తయారైన బండి అది. ముందూ వెనుకా కాయిల్ స్ప్రింగులే. అంబాసిడర్, పద్మిని, జీపులు మాత్రం వెనుక కమాన్ కట్టల మీదే నడిచాయి. మస్టాంగ్, కమారోలూ అంతే.

కాబట్టి విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ ఆటోనగర్‌లోనో లారీ కమాన్లు చేసే మనిషికి మస్టాంగ్ వెనుక భాగం కొత్త వస్తువు కాదు. కట్ట కూర్చుందంటే ఆయన యు-బోల్టులు విప్పి, సెంటర్ బోల్టు తీసి, పట్టీలను ఒక్కొక్కటిగా నేల మీద పేరుస్తాడు. మెయిన్ పట్టీ కన్ను సాగిందేమో, బుష్ అరిగిందేమో చూస్తాడు. పట్టీ అంచు మీద వేలు పోనిచ్చి సన్నని చీలిక ఉందేమో వెతుకుతాడు. సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ, కింది పట్టీ కొస పై పట్టీని ఒరుసుకునే చోటా చీలికలు మొదలవుతాయి. కూర్చున్న పట్టీని దాగలి మీద అడ్డంగా పెట్టి, దగ్గరదగ్గరగా సమ్మెట దెబ్బలు వేస్తూ వంపు తెస్తాడు. ప్రతి పట్టీకీ తన పైదానికన్నా కాస్త ఎక్కువ వంపు ఇస్తాడు. అప్పుడే బోల్టు బిగించాక కట్ట మొత్తం ఒకటిగా పనిచేస్తుంది. ఈ తేడా చెయ్యి తిరిగినవాళ్లకే అందుతుంది.

ఇలా చల్లగా కొట్టి తెచ్చిన వంపు నిలవదనే అభ్యంతరం ఉంది. అలసిపోయిన ఉక్కు విషయంలో అది నిజం. ఎన్ని దెబ్బలు కొట్టినా దానికి కొత్త ప్రాణం రాదు. అలాంటి పట్టీని పారేసి స్ప్రింగు ఉక్కుతో కొత్తది చేయించాలి. దాన్ని సుమారు 850 డిగ్రీల దాకా కాచి, వంచి, నూనెలో ముంచి, 450 నుంచి 500 డిగ్రీల మధ్య మళ్లీ కాచాలి. ఈ రెండో కాపు ఎగ్గొడితే పట్టీ గాజులా పెళుసుబారుతుంది. అంతకన్నా తరచుగా జరిగే తప్పు, కట్ట కూర్చుందనగానే అదనంగా ఒక పట్టీ ఎక్కించడం. ఆరు సమాన పట్టీల కట్టకు ఏడోది కలిపితే గట్టిదనం ఆరో వంతు, అంటే 17 శాతం దాకా పెరుగుతుంది. అదే ఆరు పట్టీలను 6 మిల్లీమీటర్లకు బదులు 7 మిల్లీమీటర్ల మందంతో చేస్తే 59 శాతం పెరుగుతుంది. మందం ఘనాన్ని బట్టి పట్టీ గట్టిదనం మారడమే దీనికి కారణం. కంటికి ఆనని ఒక్క మిల్లీమీటరు బండి స్వభావాన్నే మార్చేస్తుంది. అందుకే సమ్మెట పక్కన వెర్నియర్ కాలిపర్ ఉండి తీరాలి. పట్టీల సంఖ్య పెరిగేకొద్దీ వాటి మధ్య ఒరిపిడీ పెరిగి చిన్న గతుకులు నేరుగా నడుముకు తగులుతాయి. తక్కువ పట్టీలు, కొసల దగ్గర నైలాన్ ముక్కలు, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు: కారుకు ఇదే సరైన దారి. లారీ పద్ధతి లారీకే వదిలెయ్యాలి.

ఎంత గట్టిదనం కావాలన్నది లెక్కకు అందే విషయమే. మీద పడిన బరువుకు స్ప్రింగు ఎంత కుంగిందో చూస్తే బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తెలుస్తుంది. 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒకసారి. 11 సెంటీమీటర్లయితే ఒకటిన్నర సార్లు. ఆరు సెంటీమీటర్లకు కాస్త పైనైతే రెండుసార్లు. మెత్తని పాత కార్లు ఒకటికి దగ్గరలో ఊగుతాయి, రేసు కార్లు రెండు దాటుతాయి. మొయినాబాద్ దారికి రేసు కారు అంకె పనికిరాదు. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, తారు అంచు తెగిన చోట్లు, చేవెళ్ల దాటాక వానకు ఉబ్బి ఎండకు కుంగే నల్లరేగడి మీద అలలు తేలిన రోడ్డు. వీటి మీద రెండుకు బిగించిన కారు టైరు నేలను తాకే సమయం తగ్గిపోతుంది. తాకని టైరు మలుపు తిప్పలేదు, బ్రేకూ వేయలేదు. ఒకటీ పాతిక నుంచి ఒకటిన్నర మధ్య ఆగి, మిగతా అదుపును షాక్ అబ్జార్బర్లకు అప్పగించడం ఈ రోడ్డుకు తగిన పని. స్ప్రింగు మార్చి షాకును పాతదే ఉంచడం సగం పనే. స్ప్రింగు 59 శాతం గట్టిపడితే, అదే తీరు అదుపు కోసం షాకు నిరోధం 26 శాతం పెరగాలి. లేకపోతే గట్టి స్ప్రింగు బండిని బంతిలా ఎగరేస్తుంది.

కాయిల్ స్ప్రింగుల కాంటెస్సాకు ఎదురయ్యే ప్రమాదం కోత. పనిచేసే ఎనిమిది చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 14 శాతం పెరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. కారు అందంగా కనిపిస్తుంది కూడా. కానీ కోసిన కొన గిన్నెలో సరిగా కూర్చోదు. గ్యాసు మంటతో కోసినా, వేడి చేసి కుంగదీసినా అక్కడి ఉక్కు పదును చెడుతుంది. కొలతలిచ్చి కొత్త స్ప్రింగు చుట్టించుకోవడమే మార్గం. తీగ మందం 12 నుంచి 13 మిల్లీమీటర్లకు పెరిగితే గట్టిదనం 38 శాతం పెరుగుతుందని అక్కడా గుర్తుంచుకోవాలి. బండిని దించితే ఆర్ముల కోణాలు మారి చక్రాల వాలూ మారుతుంది. వెనుక యాక్సిల్ పక్కకు పోకుండా అడ్డంగా రాడ్డు పట్టి ఉంచే కార్లలో యాక్సిలే కాస్త పక్కకు జరుగుతుంది.

ఇదంతా కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. లారీలు తూచే కాటా మీద ముందు చక్రాలు ఒకసారి, వెనుక చక్రాలు ఒకసారి ఎక్కిస్తే ఏ వైపు ఎంత బరువుందో తేలుతుంది. మేస్త్రీల తూకపు గుండును రిమ్ము పక్కన వేలాడదీసి, దారం నుంచి రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ ఉన్న దూరాలు కొలిస్తే చక్రం వాలు దొరుకుతుంది. 14 అంగుళాల రిమ్ముకు ఆ తేడా 6 మిల్లీమీటర్లుంటే వాలు దాదాపు ఒక డిగ్రీ.

బరువైన అభ్యంతరం ఒకటుంది. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయిన రోడ్డు ఇది. ఇక్కడ కార్లకు ఇంకా వేగం నేర్పాలా? ఆ బాధ న్యాయమైనది. పబ్లిక్ రోడ్డు మీద పందేలను ఏ వాదంతోనూ సమర్థించలేం. కానీ ఇక్కడ చెబుతున్న పని వేగాన్ని పెంచదు. గుంతను తప్పించబోయినప్పుడు వెనుక భాగం తూలకుండా, గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు నేలకు కుంగకుండా చూస్తుంది. ఇంజను పెంచి సస్పెన్షన్ వదిలేసిన కారే ఆ రోడ్డుకు అసలైన ముప్పు. అరిగిన బుష్షులతో, చచ్చిన షాకులతో తిరిగే పాత కారు అసలు రూపంలో ఉన్నంత మాత్రాన క్షేమం కాదు.

అసలు రూపాన్ని చెడగొట్టకూడదనే వాదనకు చట్టం దన్ను కూడా ఉంది. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ అసలు స్పెసిఫికేషన్లకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తాయి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదన్నది షరతు. తొలి కాంటెస్సాలకు ఆ వయసు 2034లో వస్తుంది. అంటే ఇప్పుడు చాసిస్‌ను కోసినా, కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేసినా రేపటి గుర్తింపును చేజార్చుకున్నట్టే. కమాన్ పనివాడి పద్ధతి ఈ షరతుకు సరిగ్గా ఇముడుతుంది. అతను ముట్టుకునేవన్నీ విప్పి మళ్లీ బిగించగలిగేవే. పట్టీలు, బుష్షులు, షాకులు, స్ప్రింగులు మారతాయి. అవి బిగిసే రంధ్రాలు అక్కడే ఉంటాయి. పాత భాగాలను నూనె రాసి దాచుకుంటే ఏ రోజైనా వెనక్కి బిగించవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు, విదేశీ కిట్టు తెప్పిస్తే సరిపోదా అనేవాళ్లూ ఉన్నారు. మస్టాంగ్‌కు కిట్లు ఉన్నాయి, చాలా మంచివి. కానీ వాటి గట్టిదనం అక్కడి నున్నని రోడ్లకూ, వీ8 ఇంజను బరువుకూ లెక్కించినది. కాంటెస్సాకు అవి సరిపోవు. ఇక్కడి పనితనంలో నిజమైన లోటు రాత లేకపోవడమే. ఏ బండికి ఎంత మందం పట్టీ వేశారో, ఎంత వంపు ఇచ్చారో, ఆర్నెల్ల తర్వాత ఎంత కూర్చుందో పనివాడి తలలోనే ఉంటుంది. బండి యజమాని ఒక నోటుబుక్కు పెట్టి, కాటా చీటీని అందులో అంటించి, పట్టీల పొడవు, మందం, హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు చక్రాల ఎత్తు రాసి, ఒక నకలు షాపులో ఇచ్చిరావాలి. తర్వాత వచ్చే బండికి పని అక్కణ్నుంచి మొదలవుతుంది.