డిస్కు లెక్క తప్పినప్పుడు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చెరుకుపల్లి, రేపల్లె, తెనాలి వైపు వరి రైతుకు జరిగిన నష్టం అందరికీ కనిపించింది. అలాంటి రోజుల్లో ఎవరి లెక్కలోకీ రాని నష్టం ఇంకొకటి ఉంటుంది. ఫోటో స్టూడియోలో, మీసేవలో, రైసు మిల్లు ఆఫీసులో కంప్యూటరు పని చేస్తుండగానే కరెంటు పోతుంది. మళ్లీ ఆన్ చేస్తే డిస్కు తెరుచుకోదు, లేదా ఫార్మాట్ చేయమని అడుగుతుంది. కంగారులో ఆ బటన్ నొక్కేసేవాళ్లు ఎందరో. మాఘమాసం పెళ్లిళ్ల ఫోటోలన్నీ అలా పోతాయి. నొక్కకుండా ఉంటే వాటిలో చాలావరకు దక్కేవే. ఎందుకంటే అప్పటికి చెడింది డిస్కులోని లెక్క మాత్రమే, సరుకు కాదు.

ఒక ఫోటో సేవ్ చేయడం మనకు ఒక్క నొక్కు. డిస్కు మీద అది కనీసం నాలుగు చోట్ల రాత. ఫోటో డేటా బ్లాకుల్లోకి, అంటే డిస్కులోని చిన్న చిన్న గళ్లలోకి, వెళ్లాలి. ఏయే బ్లాకులో, మొత్తం సైజెంతో ఐనోడ్ అనే చిన్న నమోదులో రాయాలి. ఆ బ్లాకులు ఇక ఖాళీ కావని వేరే పట్టీలో గుర్తు పెట్టాలి. చివరికి ఫోల్డర్లో ఫైలు పేరు, పక్కన ఐనోడ్ నంబరు వేయాలి. రెండు రాసి మూడోది రాయబోతుండగా కరెంటు పోతే ఒక చోట కొత్త సంగతి, ఇంకో చోట పాత సంగతి మిగులుతాయి.

భూమి కాగితాలతో తిరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అడంగల్ సర్వే నంబరు వారీగా ఉంటుంది, 1బి ఖాతా వారీగా ఉంటుంది. భూమి ఒకటే, చెప్పేవి రెండు రికార్డులు. అదే నలభై సెంట్లు ఇద్దరి ఖాతాల్లో కనిపిస్తే చేలోకి వెళ్లకుండానే తప్పుందని తెలిసిపోతుంది. డిస్కును తనిఖీ చేసే పద్ధతి మొత్తం ఈ సూత్రం మీదే నిలబడింది. ఒకే నిజాన్ని రెండు చోట్ల రాసి ఉంచడం వల్లే తప్పును పట్టుకోగలుగుతున్నాం.

ఈ విద్యకు పుట్టినిల్లు అమెరికాలోని బెల్ ల్యాబ్స్. తొలినాటి యూనిక్స్‌లో ఐచెక్, డీచెక్ అని విడివిడి ప్రోగ్రాములుండేవి. ఒకటి బ్లాకులు చూసేది, ఇంకొకటి ఫోల్డర్లు చూసేది. ముఖ్యంగా తప్పు చూపించేవి, దిద్దడం చాలావరకు మనిషి చేతి పనే. 1970ల చివర్లో టెడ్ కొవాల్‌స్కీ రెండు పనులూ కలిపి ఎఫ్ఎస్‌సీకే అనే ప్రోగ్రాము రాశాడు. బర్కిలీలో కర్క్ మెక్‌కూసిక్ తన కొత్త ఫైల్ సిస్టమ్ కోసం దాన్ని తిరగరాశాడు. లైనక్స్‌లో ఆ దారినే థియోడర్ చో ఈ2ఎఫ్ఎస్‌సీకేను పెంచి పెద్దచేశాడు. విండోస్‌లో ఛెక్‌డిస్క్‌ది ఇదే పని.

ఈ2ఎఫ్ఎస్‌సీకే అయిదు విడతల్లో నడుస్తుంది. మొదటి విడతే బరువైనది, ఎక్కువసేపు పట్టేదీ అదే. డిస్కులోని ప్రతి ఐనోడ్‌నూ చదువుతుంది. అందులో రాసిన బ్లాకు నంబరు అసలు డిస్కు హద్దులో ఉందా? ఒకే బ్లాకును రెండు ఫైళ్లు నాదంటే నాదంటున్నాయా? అలా అంటుంటే అది తీర్పు చెప్పదు. ఆ బ్లాకుకు నకలు తీసి చెరొకటి ఇస్తానంటుంది. రెండింట్లో ఒకదాంట్లో ఉన్నది పక్కవాడి సరుకే అయి ఉంటుంది. ఏది ఎవరిదో ఫైలు తెరిచి చూసే మనిషి తేల్చుకోవాలి. తెలియనిది తెలిసినట్టు నటించని ఈ గుణం నాకు ఎంతో గౌరవనీయంగా తోస్తుంది.

రెండో విడతలో ఫోల్డర్లలోని పేర్లు, మూడో విడతలో ప్రతి ఫోల్డరుకూ మూలం నుంచి దారి ఉందా లేదా అన్నది చూస్తుంది. నాలుగోదాంట్లో ఒక ఫైలుకు ఎన్ని పేర్లున్నాయో తాను లెక్కపెట్టి, ఐనోడ్‌లో రాసి ఉన్న అంకెతో పోలుస్తుంది. అయిదోది ఖాళీ బ్లాకుల పట్టీ. పాత పట్టీని నమ్మకుండా, ఇంతవరకు చదివినదాన్ని బట్టి సొంతంగా ఒకటి తయారుచేసి, దానితో పాతదాన్ని సరిచూస్తుంది.

పేరు పోగొట్టుకున్న ఫైళ్లు లాస్ట్ ఫౌండ్ అనే ఫోల్డరులో చేరతాయి. పేరు స్థానంలో ఐనోడ్ నంబరే ఉంటుంది. డిస్కును తయారుచేసేటప్పుడే ఈ ఫోల్డరుకు కొంత చోటు కేటాయించి ఉంచుతారు. లెక్క చెడిన డిస్కులో, ఏది ఖాళీయో తేలని సమయంలో, కొత్తగా చోటు వెతికితే ఎవరి డేటా మీద పడుతుందో తెలియదు గనక ఆ ముందుజాగ్రత్త. విండోస్‌లో ఇవి ఫౌండ్ అనే ఫోల్డరులో సీహెచ్‌కే ఫైళ్లుగా తేలతాయి. జేపెగ్ ఫోటో ఏదైనా మొదలయ్యేది ఎఫ్ఎఫ్, డీ8 అనే రెండు బైట్లతోనే. పేరు లేకపోయినా ఆ గుర్తుతో ఫోటోల్ని ఏరుకోవచ్చు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఈ పనిముట్టు దిద్దేది లెక్కనే. ఫోటో సగం బూడిదరంగుకు తిరిగినా, లెక్క కుదిరితే డిస్కు శుభ్రంగా ఉందనే అంటుంది. ఒక్కోసారి లెక్క కుదర్చడం కోసం పాడైన నమోదును తుడిచేయడానికీ సిద్ధపడుతుంది. అందుకే వరస ముఖ్యం. డిస్కు టకటకమంటున్నా, చదవడానికి మొరాయిస్తున్నా ముందు డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రాముతో మొత్తం డిస్కుకు నకలు తీసి, మరమ్మతు ఆ నకలు మీద చేయాలి. డిస్కు వాడుకలో ఉండగా దిద్దకూడదు. సిస్టమ్ తన మెమరీలోని పాత లెక్కను తెచ్చి దిద్దినదాని మీద మళ్లీ రాసేస్తుంది. ఈ2ఎఫ్ఎస్‌సీకేను మొదటిసారి ఎన్ ఆప్షన్‌తో నడిపితే ఏదీ మార్చకుండా తప్పులు మాత్రం చూపిస్తుంది. అన్ని ప్రశ్నలకూ అవునని చెప్పే వై ఆప్షన్‌ను నకలు లేకుండా వాడొద్దు.

డిస్కును సిస్టమ్ బొత్తిగా గుర్తుపట్టకపోతే తరచు చెడేది సూపర్‌బ్లాక్, అంటే మొత్తం డిస్కు వివరాలుండే మొదటి నమోదు. లైనక్స్‌లో వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో దానికి నకళ్లుంటాయి. 4 కేబీ బ్లాకులైతే మొదటి నకలు సాధారణంగా 32768వ బ్లాకులో దొరుకుతుంది. ఆ నంబరు చెప్పి ఈ2ఎఫ్ఎస్‌సీకేను నడిపిస్తే, చచ్చిందనుకున్న డిస్కు తిరిగి తెరుచుకోవచ్చు.

జర్నల్ వచ్చాక ఇవన్నీ ఎందుకనేవాళ్లున్నారు. 2001లో ఎక్స్‌ట్3 ఫైల్ సిస్టమ్ లైనక్స్ కెర్నల్లోకి వచ్చినప్పటి నుంచి, చేయబోయే మార్పును ముందు ఒకచోట రాసుకుంటున్నందున కరెంటు పోయినా లెక్క క్షణాల్లో కుదురుతోంది. నిజమే. కానీ పాడైన సెక్టారుకు, వదులైన కేబులుకు, చెడిన ర్యామ్‌కు జర్నల్ ఏమీ చేయలేదు. పైగా మన స్టూడియోల కెమెరా కార్డులు, పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఉంటాయి. వాటికి జర్నలే లేదు. ఎజెక్ట్ చేయకుండా లాగేయడం మనకు అలవాటు.

పని ముగిశాక ఈ2ఎఫ్ఎస్‌సీకే ఒక అంకె వదులుతుంది. 1 వస్తే తప్పులు దిద్దినట్టు, 4 వస్తే దిద్దనివి మిగిలినట్టు. 1 వచ్చిందని సంతోషపడి ఆపకండి, ఎఫ్ ఆప్షన్‌తో మళ్లీ మొత్తం నడిపించండి. అప్పుడు 0 వస్తే లెక్క కుదిరినట్టు. తర్వాత లాస్ట్ ఫౌండ్‌లోని ఫైళ్లను యజమాని ఒక్కొక్కటీ తెరిచి చూసుకునేదాకా మొదట తీసిన నకలును అలాగే ఉంచండి.