అప్పగించినది ఎవరిది? వ్యక్తిగత సమాచార రక్షణను చెప్పే తెలుగుపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

అంతర్జాలంలో వ్యక్తిగత సమాచార రక్షణ గురించి తెలుగులో వస్తున్న అవగాహన రచనలు, గోప్యతా ప్రకటనలు బాధ్యతను వాక్యనిర్మాణంలోనే పౌరుడి మీదికి నెడుతున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 'గోప్యత' అన్న పదం దాచుకోవడానికి పరిమితమైపోవడం ఇందుకు ఒక కారణం. 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన హైదరాబాదు జిల్లా రిజిస్ట్రార్ కేసు తీర్పు, 2018లో బయటపడిన వేలిముద్రల నకళ్ల ఉదంతం, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించి, తెలుగుశాఖల పరిశోధనలకు దీనితో ఉన్న సంబంధాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: గోప్యత, గుట్టు, సమ్మతి, నిక్షేపం, వేలిముద్ర, క్షేత్రపర్యటన

ఉపోద్ఘాతం

బాగ్ లింగంపల్లి నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ వైపు నడిస్తే కోచింగ్ సెంటర్లు, వాటిని ఆనుకొని జిరాక్స్ దుకాణాలు, నెట్ సెంటర్లు వరుసగా కనిపిస్తాయి. ఉద్యోగ ప్రకటన వెలువడిన వారంలో ఇక్కడ జరిగే పని ఒక్కటే. అభ్యర్థి తన పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ కార్డు, ఫొటో, సంతకం నెట్ సెంటర్ వాట్సాప్ నంబరుకు పంపుతాడు. దరఖాస్తు నింపే కుర్రవాడు "ఓటీపీ చెప్పన్నా" అంటాడు. ఆ ఓటీపీ వచ్చిన సందేశంలోనే దానిని ఎవరికీ చెప్పవద్దని రాసి ఉంటుంది. అభ్యర్థి చెబుతాడు. చెప్పకపోతే దరఖాస్తు ముందుకు సాగదు. పని ముగిశాక ఆ పత్రాలు దుకాణం కంప్యూటర్‌లో ఏదో ఫోల్డర్‌లో ఉండిపోతాయి.

ఈ అభ్యర్థిని అజాగ్రత్తపరుడు అనవచ్చునా? మన అవగాహన సాహిత్యం అతణ్ణి అలాగే పిలుస్తుంది. వివాదం ఇక్కడే మొదలవుతుంది.

'వద్దు' కర్త, 'బడు' కర్త

పత్రికల్లో, కరపత్రాల్లో, కళాశాలల సదస్సుల్లో వినిపించే సైబర్ అవగాహన వాక్యాలు దాదాపు అన్నీ వ్యతిరేక విధ్యర్థకాలే. తెలియని లింకులు తెరవవద్దు, పాస్‌వర్డ్ పంచుకోరాదు, ఆధార్ నకలు ఎక్కడపడితే అక్కడ ఇవ్వకూడదు. కర్త లోపించినా ఎవరో తెలుస్తూనే ఉంటుంది: మీరు. సుమతీ శతకం చదివిన చెవికి ఈ ధోరణి పరిచితమే. నీతిశతకం వ్యక్తిని హెచ్చరిస్తుంది. అతని చుట్టూ ఉన్న వ్యవస్థను నిలదీయడం దాని పని కాదు. ఈ హెచ్చరికలు నిరుపయోగమని నేననడం లేదు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవడం, వేలిముద్రల వినియోగాన్ని లాక్ చేసుకోవడం, మోసం జరిగిన వెంటనే 1930కి ఫోన్ చేయడం అందరికీ తెలియవలసినవే. అయితే అవి వ్యక్తి చేతిలో ఉన్నంత మేరకే పనిచేస్తాయి.

రెండో రకం వాక్యం సంస్థలది. యాప్‌లలో, వెబ్‌సైట్లలో కనిపించే గోప్యతా ప్రకటనల తెలుగు ఈ అచ్చులో ఉంటుంది: మీ వివరాలు సేకరించబడతాయి, భాగస్వాములతో పంచుకోబడతాయి, అవసరమైనంత కాలం భద్రపరచబడతాయి. ఎవరు సేకరిస్తారు? ఎవరితో పంచుకుంటారు? అవసరం ఎవరిది? వాక్యం చెప్పదు. ఈ విస్తృత కర్మణి ప్రయోగం తెలుగు నుడికారానికి పొసగదని భాషావేత్తలు చాలాకాలంగా చెబుతున్నదే. దీనిని శైలీదోషంగా మాత్రమే లెక్కించి ఊరుకున్నాం. ఇక్కడ అది శైలికి మించిన దోషం. ఇంగ్లీషు మూలంలో చాలాచోట్ల 'మేము సేకరిస్తాము' అని కర్త స్పష్టంగానే ఉంటాడు; తెలుగులోకి వచ్చేసరికి అతడు 'బడు' వెనుక తప్పుకుంటాడు.

ఇక ప్రమాదం జరిగాక రాసే వార్తల్లో క్రియ పూర్తిగా అకర్మకమవుతుంది. సమాచారం 'లీకైంది'. పొయ్యి మీది పాలు పొంగినట్టు దానంతటదే అయింది. 2023 ఏప్రిల్ తొలినాళ్లలో సైబరాబాద్ పోలీసులు 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు దగ్గర ఉంచుకొని అమ్ముతున్న ఒకరిని అరెస్టు చేసినట్లు ప్రకటించారు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచే వినియోగదారుల వివరాలు తస్కరణకు గురయ్యాయి. ఫిర్యాదు చేయడానికి, ప్రయాణంలో రక్షణ కోరడానికి ప్రజలు వాడే యాప్ అది. ఈ రెండు ఘటనలలోనూ 'వద్దు' అన్న వాక్యం ఎవరికి చెప్పాలి?

గోప్యత, గుట్టు

ప్రైవసీకి మనం స్థిరపరచుకొన్న పదం గోప్యత. దీనికి మూలమైన 'గుప్' ధాతువుకు ధాతుపాఠం ఇచ్చే అర్థం రక్షణ. తెలుగు వాడుకలో ఆ అర్థం సన్నగిల్లి, దాచడం మిగిలింది. గుప్తనిధి, గుప్తదానం, గోప్యంగా ఉంచడం అన్నీ కంటపడకుండా ఉంచడాన్నే చెబుతాయి. దేశ్యపదం 'గుట్టు' కూడా అంతే. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెతలో గుట్టు చెప్పినవాడే దోషి. చెప్పించుకున్నవాడి ప్రస్తావన లేదు.

నీతిగ్రంథాలు తొమ్మిది గోప్యాలను లెక్కించాయి: ఆయుస్సు, విత్తం, ఇంటిలోని లోపం, మంత్రం, ఔషధం, దాంపత్యం, దానం, మానం, అవమానం. నేటి దరఖాస్తు పత్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి. పుట్టినతేదీ, వార్షికాదాయం, వైవాహిక స్థితి, ఆరోగ్యం అన్నీ అడుగుతుంది. మంత్రం స్థానంలో పాస్‌వర్డ్ వచ్చింది. నీతికారుడు బయటపెట్టకూడదన్న వాటిని బయటపెట్టకుండా నేడు బియ్యం కార్డు రాదు, ఉపకారవేతనం రాదు, పరీక్ష హాల్‌టికెట్టు రాదు. దాచుకోమని చెప్పే నీతి, ఇవ్వక తప్పని పరిస్థితికి అక్కరకు రాదు.

దాచుకోవడమే గోప్యత అయితే 'దాచడానికి నీ దగ్గర ఏముంది?' అన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. 2021 మేలో హైదరాబాదులో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమని చెప్పి ఫొటో తీసుకున్నారు. ముఖగుర్తింపు సాంకేతికతను ప్రశ్నిస్తూ ఆయన తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. వీధిలో అందరికీ కనిపించే ముఖం ఏ అర్థంలోనూ గుట్టు కాదు. అయినా ఆ ఫొటో ఎక్కడికి పోతుంది, ఎంతకాలం ఉంటుంది, దేనితో పోల్చి చూస్తారు అని అడిగే అధికారం ఆ ముఖం గల మనిషికి ఉండాలి. ఆ అధికారాన్ని పట్టి చూపే శక్తి 'గోప్యత' అన్న మాటకు చాలదు.

ఇచ్చిన తరువాత కూడా

ఈ విషయంలో మన భాషకంటే మన న్యాయస్థానాల చరిత్ర ముందుంది. స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌కు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో సవరణ తెచ్చింది. పత్రాలు ఎక్కడ ఉన్నా, బ్యాంకుల్లో ఉన్నా సరే, కలెక్టర్ అధికారమిచ్చిన వ్యక్తి ప్రవేశించి వాటిని పరిశీలించి తీసుకుపోవచ్చునన్నది ఆ సవరణ సారం. హైకోర్టు దానిని కొట్టివేసింది. 'హైదరాబాదు జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్ వర్సెస్ కెనరా బ్యాంకు' పేరుతో సుప్రీంకోర్టుకు చేరిన ఈ వ్యాజ్యంలో 2004 నవంబరులో తీర్పు వచ్చింది. ఖాతాదారు తన పత్రాలను బ్యాంకుకు ఇచ్చినంత మాత్రాన వాటిపై అతనికున్న ప్రైవసీ నశించదని, ఆ హక్కు స్థలాలకు కాక మనుషులకు చెందినదని కోర్టు తేల్చింది. బ్యాంకుకు ఇచ్చిన వివరాలపై ఖాతాదారుకు ఆ రక్షణ ఉండదన్న 1976 నాటి అమెరికా సుప్రీంకోర్టు వైఖరిని స్వీకరించలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రైవసీని ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు ఈ హైదరాబాదు తీర్పు దానికి ఒక మెట్టుగా నిలిచింది.

'ఇచ్చిన తరువాత కూడా నాదే' అన్న ఈ భావనకు తెలుగులో ఇంతవరకు సామాన్యమైన మాట లేదు. గుట్టు చెప్పేశాక గుట్టు కాదు గదా!

వేలిముద్ర

ఆ వ్యాజ్యంలో అప్పీలుకు వెళ్లింది రిజిస్ట్రారే. పద్నాలుగేళ్ల తరువాత, 2018లో, అదే రిజిస్ట్రేషన్ శాఖ పత్రాలే మరో ఉదంతానికి మూలమయ్యాయి. పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారి, తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలను సేకరించి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకళ్లు తయారుచేసి, వాటితో వేల సంఖ్యలో సిమ్‌కార్డులను యాక్టివేట్ చేశాడని పోలీసులు వెల్లడించారు. ఎకరమో అరెకరమో కొన్న రైతు చేసిన తప్పేమిటి? చట్టం అడిగిన చోట వేలు పెట్టాడు. ఏ కరపత్రమూ అతనికి పనికివచ్చే సలహా ఇవ్వలేదు. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం.

ఈ మాటకు మన సమాజంలో ఉన్న చరిత్రను కూడా గుర్తుచేసుకోవాలి. 'వేలిముద్రగాడు' అంటే చదువురానివాడు. తెలంగాణలో 'నిశాని' అన్నా అదే చిన్నచూపు. సంతకం నేర్పడమే వయోజన విద్యకు తొలి విజయంగా లెక్కించాం. ఆధార్ వచ్చాక సంతకం చేయగలవాడు, చేయలేనివాడు ఇద్దరూ మళ్లీ వేలిముద్ర దగ్గరికే చేరారు. నిన్నటి నిరక్షరాస్యత చిహ్నం నేటి గుర్తింపు తాళంచెవి అయింది. ఆ తాళంచెవి నమూనాను దస్తావేజు మీద ముద్రించి అందరికీ కనిపించేలా పెట్టిన వ్యవస్థకు మన అవగాహన రచనల్లో ఒక్క నిషేధవాక్యమూ లేదు.

నిక్షేపం

2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. సమాచారాన్ని తీసుకునే సంస్థను ఈ చట్టం 'డేటా ఫిడ్యూషియరీ' అంటుంది. ఇతరుల సొత్తును నమ్మకం మీద పుచ్చుకొని వారి మేలుకోసం కాపాడవలసినవాడు అని దాని భావం. దీనికి తెలుగు మాట కావాలి. 'విశ్వాసాశ్రితుడు' వంటి సమాసం ఎవరికీ అర్థం కాదు. 'ధర్మకర్త' అంటే గుడి గుర్తుకొస్తుంది.

మనకు ఒక పాత మాట ఉంది: నిక్షేపం. నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము. మనుస్మృతి చెప్పే పద్దెనిమిది వ్యవహార పదాలలో ఇది రెండవది. మూడవది అస్వామివిక్రయం, అంటే తనది కాని దానిని అమ్మడం. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెనిగించినప్పటి నుంచి తెలుగులో వ్యవహారధర్మం చెప్పే సంప్రదాయం ఉంది. మనువు పేరెత్తగానే కలిగే అభ్యంతరం న్యాయమైనదే. వర్ణాన్ని బట్టి శిక్ష మార్చిన ధర్మశాస్త్రం నుంచి సమానత్వపు చట్టానికి పదం ఎరువు తెచ్చుకోవడంలో ఇబ్బంది ఉంది. అది నచ్చనివారికి 'అప్పగింత' ఉండనే ఉంది. అప్పగించినవారికి అడిగే హక్కు, పుచ్చుకున్నవారికి జవాబు చెప్పే బాధ్యత ఆ మాటలోనే ఇమిడి ఉన్నాయి. ఏ పదం ఎంచుకున్నా, దోషాన్ని చెప్పినవాడి నుంచి పుచ్చుకున్నవాడి మీదికి మరల్చడమే ముఖ్యం.

చట్టంలో మనకు సూటిగా సంబంధించిన అంశం మరొకటి ఉంది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వెసులుబాటు ఇవ్వాలని అది నిర్దేశిస్తుంది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందిగ్ధం లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత తేలికగా ఉపసంహరించుకోగలగాలి. 'పంచుకోబడతాయి' అన్న తెలుగు చదివి ఇచ్చిన సమ్మతిని విషయం తెలిసి ఇచ్చినదిగా ఎలా అంగీకరిస్తాం? ఈ నోటీసుల తెలుగును యంత్రానువాదానికి వదిలేసి, పారిభాషిక పదాల గురించి సదస్సుల్లో విచారపడటం తెలుగుశాఖలకు శోభించదు. చట్టం కూడా లోపరహితం కాదు. ప్రభుత్వ సంస్థలకు విస్తృతమైన మినహాయింపులకు దారి తీసింది. సమాచారహక్కు చట్టంలోని 8(1)(జె)ని సవరించి, అధికారుల గురించి ప్రజలు తెలుసుకోవలసిన వివరాలకూ అడ్డుగోడ కట్టింది. రక్షణ కావలసిన రైతు వేలిముద్ర బజారున పడినచోట, బజారున పడవలసిన అధికార నిర్ణయం 'వ్యక్తిగతం' పేరుతో లోపలికి పోయే అవకాశం ఉంది.

మన పరిశోధనల అనుబంధాలు

ఈ చర్చ యాప్‌లతో, బ్యాంకులతో ముగిసేది కాదు. జానపద సాహిత్యం, మాండలికాలు, సంచార జాతుల కళారూపాలపై చేసిన సిద్ధాంతగ్రంథాల చివర 'వక్తల వివరాలు' అనే అనుబంధం ఉంటుంది. పేరు, వయస్సు, కులం, గ్రామం, వృత్తి, తరచు ఫోన్ నంబరు, ఫొటో. టైపు ప్రతి నాలుగు గ్రంథాలయాల్లో ఉన్న కాలంలో ఇది ప్రామాణికతకు ఆధారం. నేడు యూజీసీ నిబంధనల మేరకు గ్రంథం శోధ్‌గంగలో చేరుతుంది. ప్రపంచంలో ఎవరైనా దిగుమతి చేసుకోవచ్చు. పాట పాడిన అవ్వకు, కథ చెప్పిన దాసరికి ఆ సంగతి ఎవరు చెప్పారు? ఆమె పాడినది పరిశోధకుడికి. అది అప్పగింత.

వక్తల పేర్లు తొలగించాలని వాదించడం దీనికి విరుగుడు కాదు. కళాకారుల పేర్లు చెరిపేసి వారి పాటలను 'అజ్ఞాత కర్తృకం' చేసిన తప్పు మన సాహిత్యచరిత్రకు ఇప్పటికే ఉంది. తన పేరు అచ్చులో చూసుకోవాలన్న కోరిక చాలామంది వక్తలకు ఉంటుంది. అది వారి హక్కు. పేరు, ఊరు వక్త కోరిక మేరకు ఉంచి, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఆరోగ్య కుటుంబ వివరాలు ఉన్న పుటలను మార్గదర్శకుని వద్ద, శాఖ వద్ద మాత్రమే భద్రపరచి, అంతర్జాలంలో పెట్టే ప్రతి నుంచి వేరుచేయవచ్చు. పాట రికార్డు చేసే ముందు ఇలా చెప్పవచ్చు: "అవ్వా, ఈ పాటను, నీ పేరును నేను కంప్యూటర్‌లో పెడతాను. నాకు తెలియనివాళ్లు కూడా చూస్తారు. పెట్టాక తీయడం నా చేతిలో ఉండకపోవచ్చు. పేరు ఉంచమంటావా, వద్దంటావా?" ఈ వాక్యాల్లో ఒక్క 'బడు' లేదు. కర్త తెలుస్తున్నాడు, అవ్వ చెప్పే 'వద్దు'కు విలువ ఉంది. చదవడం రానివారికి వినిపించి, జవాబును అదే రికార్డింగులో భద్రపరిస్తే వేలిముద్ర వేయించుకోవలసిన అవసరం కూడా రాదు.