వండర్‌ల్యాండ్ ట్రైల్: తేలిక మూటతో మంచుకొండ చుట్టూ

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న మౌంట్ రైనియర్ 4,392 మీటర్ల ఎత్తున్న అగ్నిపర్వతం. ఎండాకాలంలో కూడా మంచు కప్పుకొని ఉండే ఈ కొండను కాలినడకన చుట్టి రావడానికి ఉన్న బాట పేరు వండర్‌ల్యాండ్ ట్రైల్. పొడవు సుమారు 150 కిలోమీటర్లు. ఎక్కడ మొదలుపెట్టినా కొండను చుట్టి మళ్లీ అక్కడికే వస్తుంది. ఈ ప్రాంతం 1899లో నేషనల్ పార్కు అయింది. అడవిని కాపలా కాసే రేంజర్లు తిరగడానికి వేసిన ఈ దారి 1915 నాటికి కొండ చుట్టూ కలిసింది. అదే ఏడాది సియాటిల్‌లోని మౌంటెనీర్స్ క్లబ్బు సభ్యులు పెద్ద బృందంగా బయలుదేరి, దాదాపు మూడు వారాల్లో ప్రదక్షిణ పూర్తిచేశారు. ఇప్పుడు ఎక్కువమంది పది రోజులు అటూ ఇటూగా తిరిగి వస్తున్నారు.

పది రోజులకు 150 కిలోమీటర్లంటే రోజుకు పదిహేనేగా అనిపిస్తుంది. అసలు కష్టం దూరంలో లేదు, కొండ తీరులో ఉంది. శిఖరం నుంచి నలువైపులా దిగే హిమానీనదాలు బండిచక్రం ఆకుల్లా లోయలను తొలుచుకుంటూ పోయాయి. బాట ఆ లోయలన్నింటినీ అడ్డంగా దాటాలి. పొద్దున లోయలో వంతెన దాటి, మధ్యాహ్నానికి గట్టెక్కి, సాయంత్రానికి ఇంకో లోయలోకి దిగడమే దినచర్య. చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎక్కిన ఎత్తంతా కలిపితే దాదాపు 6,700 మీటర్లు, దిగేదీ అంతే. బాటలో అన్నిటికన్నా ఎత్తైన చోటు, పాన్‌హ్యాండిల్ గ్యాప్ అనే కనుమ, రెండు వేల మీటర్లను కాస్త దాటుతుంది, అంతే. అంటే ఇక్కడ ఊపిరందకపోవడం సమస్య కాదు. మోకాళ్లు, భుజాలు, పాదాలు పదిరోజులూ నిలబడాలి. వీపున ఉన్న ప్రతి కిలోనూ 6,700 మీటర్లు పైకి మోసి, అంత ఎత్తూ మోకాళ్ల మీద దించాలి. తేలిక మూట విలువ ఈ లెక్కలోనే ఉంది.

తక్కువ సామానుతో అడవిలో తిరిగే పద్ధతి అమెరికాలో కొత్తదేమీ కాదు. నెస్‌మక్ అనే కలం పేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884లో తన ‘వుడ్‌క్రాఫ్ట్’ పుస్తకంలో మూట తగ్గించుకొమ్మని గట్టిగా చెప్పాడు. అంతకు ముందు ఏడాదే ఆయన అయిదు కిలోలైనా లేని చిన్న పడవలో అడిరాండాక్ సరస్సులు తిరిగి వచ్చాడు. ఈ పద్ధతికి గుర్తుగా నిలిచిన మనిషి మాత్రం ఎమ్మా గేట్‌వుడ్. ఒహాయోకు చెందిన ఆమె పదకొండుమంది పిల్లల తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్లకు పైగా ఉన్న అపలాచియన్ ట్రైల్‌ను ఒక్కతే ఒకే సీజన్‌లో నడిచింది. ఒంటరిగా ఆ పని చేసిన మొదటి స్త్రీ ఆమే. కాళ్లకు మామూలు గుడ్డ బూట్లు, భుజాన ఇంట్లో కుట్టుకున్న గుడ్డ సంచి, అందులో ఒక దుప్పటి, వానకోటు, స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర. గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగ్ లేదు.

ఆమె స్వభావసిద్ధంగా చేసినదాన్ని రే జార్డిన్ ఒక శాస్త్రంగా మలిచాడు. రాతి కొండలు ఎక్కడంలో పేరున్న ఆయన, భార్య జెన్నీతో కలిసి పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే మరో సుదీర్ఘ బాటను రెండుసార్లు నడిచి, ఆ అనుభవాన్ని 1992లో పుస్తకంగా తెచ్చాడు. సంచీ, దుప్పటి, వానకు పైకప్పూ సొంతంగా కుట్టుకున్నాడు. బరువైన తోలు బూట్లు మాని పరుగు బూట్లతో నడిచాడు. నేటి ‘అల్ట్రాలైట్’ పద్ధతికి ఆయన పుస్తకమే పెద్ద ఊతం.

ఈ పద్ధతిలో మొదటి పనిముట్టు వంటింటి త్రాసు. తిండి, నీళ్లు, ఇంధనం ఖర్చవుతూ తరుగుతాయి కనుక వాటిని పక్కనపెట్టి, మిగిలిన సామాను బరువును ‘బేస్ వెయిట్’ అంటారు. అది నాలుగున్నర కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్, తొమ్మిది కిలోల లోపు ఉంటే తేలిక మూట అని వాడుక. సగం పైన బరువు మూడింటిదే: సంచి, పడక, పైకప్పు. అందుకే టూత్‌బ్రష్ పిడి విరిచి గ్రాములు మిగిల్చేకన్నా ముందు ఈ మూడింటినీ మార్చుకోవాలి. వీటిలో దేన్ని తగ్గించినా దాని స్థానంలో ఒక నేర్పు వచ్చి చేరాలి. ఈ పద్ధతికి కీలకం ఇదే. నేర్పు లేకుండా సామాను తగ్గిస్తే మిగిలేది సాహసం కాదు, ప్రమాదం.

గుడారం బదులు బరకం కట్టుకుంటే ఒక కిలో దాకా తగ్గవచ్చు. నడిచేటప్పుడు చేతిలో ఉండే కర్రలే రాత్రికి దాని గుంజలవుతాయి. అయితే నీరు నిలిచే పల్లం ఏదో, గాలి ఎటు తిరుగుతుందో చూసి కట్టడం రావాలి. స్లీపింగ్ బ్యాగ్‌లో ఒంటి కింద నలిగిన ఈకలు వెచ్చదనం ఇవ్వవు కనుక అడుగుభాగం తీసేసిన ఈకల దుప్పటి చాలు. కింది వైపు వెచ్చదనమంతా పరుచుకునే ఫోమ్ చాపది. కొందరు ఆ చాపను కూడా భుజాల నుంచి తుంటి వరకే కోసుకొని, కాళ్ల కింద ఖాళీ సంచిని వేసుకుంటారు. ఈకలు తడిస్తే ముద్దయిపోతాయి, వెచ్చదనం పోతుంది. కాబట్టి సంచి లోపల ఒక గట్టి ప్లాస్టిక్ సంచి పెట్టి, దుప్పటినీ పడుకునేటప్పటి బట్టలనూ అందులో భద్రం చేయాలి. రైనియర్ పడమటి వాలున వానలెక్కువ. ఎండాకాలంలో కూడా రోజంతా తుంపర పడే రోజులుంటాయి.

బట్టల్లో నూలుకు చోటు లేదు. తడిస్తే ఒంటిని చల్లబరుస్తూ ఎంతకీ ఆరదు. ఉన్ని లేదా పాలిస్టర్ చొక్కా ఒకటి, వెచ్చని కోటు ఒకటి, వానకోటు ఒకటి, మేజోళ్లు రెండు మూడు జతలు. పాదం మీద ఒక కిలో వీపు మీద అయిదు కిలోలతో సమానమని నడిచేవాళ్లలో పాత మాట. సైనికుల నడక మీద జరిగిన పరిశోధనలు కూడా దానికి దగ్గరగానే తేల్చాయి. అందుకే తేలిక బూట్లు. వాగుల్లో తడిసినా నడుస్తుండగానే ఆరిపోతాయి.

తిండి విషయంలో ఈ బాట నడిచేవారికి కలిసొచ్చే సంగతి ఒకటుంది. లాంగ్‌మైర్, వైట్ రివర్ వంటి చోట్ల కారు రోడ్డు బాటను తాకుతుంది. అక్కడి రేంజర్ కేంద్రాల్లో ఎలుకలు కొరకలేని గట్టి డబ్బాలో తిండి ముందే దాచుకోవచ్చు. దానితో పదిరోజుల తిండి బదులు మూడు నాలుగు రోజులదే వీపున ఉంటుంది. రోజుకు 700 గ్రాముల చొప్పున లెక్క వేసుకున్నా, నాలుగు కిలోల పైనే తగ్గుతుంది. ఏ ఖరీదైన సంచి కొన్నా అంత తగ్గదు. గ్రాముకు నాలుగు క్యాలరీలకు తగ్గని తిండి ఏరుకోవాలి. ఇక్కడ తెలుగు వంటిల్లు చాలా అక్కరకొస్తుంది. పల్లీలు, నువ్వుండలు, నెయ్యి కలిపిన కందిపొడి ఇవన్నీ తక్కువ బరువులో ఎక్కువ బలమిచ్చేవే. స్టవ్ మానేసి, తిండిని చన్నీళ్లలో నానబెట్టి తినే పద్ధతి ఒకటి అల్ట్రాలైట్ నడకలో ఉంది. అటుకులు దానికి సరిగ్గా సరిపోతాయి. ఎలుగుబంట్లు తిరిగే అడవి కనుక బాట పక్క మకాముల్లో ఎత్తైన ఇనుప స్తంభాలు నాటారు. తిండే కాదు, టూత్‌పేస్ట్‌తో సహా వాసనున్న ప్రతి వస్తువునూ రాత్రికి వాటికి వేలాడదీయాలి.

నీటికి కొదవ లేదు కనుక లీటర్లకు లీటర్లు మోయక్కర్లేదు. అలాగని కనబడిన నదిలో ముంచుకోకూడదు. హిమానీనదం రాతిని మెత్తని పిండిలా అరగదీస్తుంది. ఆ పొడి కలిసి నదులు పాలనీళ్లలా ఉంటాయి. అది ఫిల్టర్‌ను కొద్దిసేపట్లో పూడ్చేస్తుంది. పక్కనుంచి వచ్చే తేట సెలయేళ్ల దగ్గర నింపుకోవాలి. నదులు దాటడానికీ వేళ ఉంది. పగలు ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వరద పెరుగుతుంది, దుంగ వంతెనలు కొట్టుకుపోతుంటాయి. కాబట్టి పెద్ద నదులను పొద్దున్నే దాటడం మంచిది. ఎగువనుంచి రైలు వస్తున్నట్టు హోరు వినిపిస్తే బురద వరద కావచ్చు; సామాను సంగతి మరిచి వెంటనే గట్టెక్కాలి.

ఏవి తీసేయకూడదో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే. మౌంటెనీర్స్ క్లబ్బే 1930లలో ‘పది అత్యవసరాలు’ అనే జాబితాను రూపొందించింది. పటం, దిక్సూచి, దీపం, మందులు, అదనపు వెచ్చని బట్ట వంటివి అందులోవి. వాటి బరువు తగ్గించుకోవచ్చు, వాటిని వదిలేయకూడదు. ఆగస్టులో కూడా కనుమల మీద రాత్రి గడ్డకట్టే చలి రావచ్చు.

నడక కాలం చిన్నది. దక్షిణ వాలున ఉన్న పారడైజ్ దగ్గర 1971-72 చలికాలంలో 28 మీటర్లకు పైగా మంచు కురిసింది. అంతటి మంచు పడే కొండ మీద బాట తేరుకునేసరికి జూలై నెలాఖరవుతుంది, సెప్టెంబర్ తర్వాత మళ్లీ వాతావరణం చెడుతుంది. రాత్రి బస నిర్ణీత మకాముల్లోనే, దానికి అనుమతి తప్పనిసరి. కొన్ని అనుమతులు ఆన్‌లైన్‌లో నెలల ముందే ఇస్తారు, కొన్ని రేంజర్ కేంద్రాల్లో ముందు వచ్చినవారికి దొరుకుతాయి. అడవిలో మంట వేయకూడదు, చెత్త ఒక్క ముక్కా వదలకూడదు. కొత్తవాళ్లు నేరుగా 150 కిలోమీటర్లకు దిగకుండా, ముందు మూట మొత్తం తూచి, వాన పడే ఒక రాత్రి ఇంటి పెరట్లోనే బరకం కట్టుకొని పడుకొని చూడాలి. ఆ రాత్రి పొడిగా, వెచ్చగా గడిస్తేనే అనుమతికి దరఖాస్తు పెట్టాలి.