రెండు లీటర్ల పెంటకుప్ప

పెంటకుప్ప వేడెక్కాలంటే కుప్పంత ఉండాలని మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. చలికాలం పొద్దున్నే పారతో కెలికితే పొగలొచ్చేవి, కోళ్లు పోయి దాని మీదే ముడుచుకునేవి. అందుకే, నల్గొండ దగ్గరి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ముగ్గురు తొమ్మిదో తరగతి అమ్మాయిలు కూల్‌డ్రింక్ సీసాలో ఎరువు మాగేస్తున్నారని విన్నప్పుడు నమ్మబుద్ధి కాలేదు. సైన్స్ ఫెయిర్‌కి నెల ముందు వెళ్లి చూశాను.

సీసా ఆలోచన వాళ్లది కాదు. ఆ సంగతి నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకున్నారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో హైస్కూలు పిల్లల కోసం ప్రచారంలోకి తెచ్చిన నమూనా అది. రెండు లీటర్ల సీసాలు రెండు తీసుకుని, ఒకదాన్ని భుజానికి కాస్త కింద, రెండోదాన్ని కాస్త పైన కోస్తారు. ఆ కాస్త తేడా వల్లే ఒక ముక్క రెండోదాని మీద డబ్బా మూతలా బిగుతుగా కూర్చుంటుంది. లోపల, అడుక్కి నాలుగు వేళ్ల ఎత్తున, చిల్లులు పొడిచిన థర్మోకోల్ ప్లేటు ముక్క. దాని మీద చెత్త, కింద గాలి. ఊట దిగినా చెత్త అందులో నానదు. పక్కల గాలికి చిల్లులు, వాటిలోంచి ఈగలు దూరకుండా పాత నైలాన్ సాక్సు గుడ్డ. చుట్టూ, చిల్లులు మూసుకుపోకుండా, రగ్గు ముక్క. కుట్టు చూస్తే ఎవరింట్లోనో మిషన్ ఉందని తెలిసిపోతోంది.

రగ్గు ఎందుకంటే, పెద్ద కుప్పకి తన ఒళ్లే దుప్పటి. నడిమధ్య పుట్టిన వేడి బయటికి రావాలంటే చాలా దూరం నడవాలి, అందుకే అక్కడ 60 డిగ్రీలు కూడా దాటుతుంది. సీసాలో పుట్టిన వేడి పుట్టినట్టే గోడలోంచి జారిపోతుంది. ఎంత కప్పినా 40, 45 దగ్గర ఆగుతుంది. జ్వరం చూసే థర్మామీటర్ 42 దాటి చూపదు గనక ల్యాబులోది అడిగి తెచ్చుకున్నారు.

మొదటి సీసా చెడింది. మధ్యాహ్న భోజనం వంటగదిలోని సొరకాయ, టమాటా తొక్కలు మాత్రమే కుక్కారు. మూడో రోజుకల్లా ముక్కు మూసుకునే కంపు, థర్మామీటర్లో మాత్రం చలనం లేదు. తడి ఎక్కువై సందులన్నీ నీళ్లతో నిండాయి, గాలి పీల్చే సూక్ష్మజీవులకి ఊపిరాడలేదు. ఈసారి రంపపు పొట్టు, వేలి గణుపంత ముక్కలు చేసిన ఎండుపుల్లలు కలిపారు. సుమారు 30 పాళ్ల కార్బన్‌కి ఒక పాలు నైట్రోజన్ అన్న లెక్క నోట్‌బుక్‌లో రెండు పేజీలు పట్టింది, అందులో కొట్టివేతలే ఎక్కువ. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు అన్నది వాళ్ల తేమ కొలత. ఒకమ్మాయి పిండి చూపించింది. మా నాయనమ్మ సున్నుండల పిండి పిడికిట పట్టి చూసే తీరు గుర్తొచ్చింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం వేడి పట్టిక. రోజూ ఒకే వేళకి సీసా వేడి ఒక గడిలో, గది వేడి పక్క గడిలో. గది వేడి రాయకపోతే ఎండ కాసిన రోజు సీసా తనంతట తనే రాజుకుందని మురిసిపోవచ్చు. ఆదివారాల గడులు ఖాళీ. శనివారం, సోమవారం అంకెలు చూసి మధ్యది వేసేస్తే ఎవరూ పట్టుకోలేరు. నేను చదువుకునే రోజుల్లో అలా వేసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే.

రెండు మూడు వారాల్లో సీసాలోది నల్లబడింది, తొక్క తొక్కలా లేదు. అయింది కదా అని నారు ట్రేల్లో పోసేస్తే పని అక్కడే చెడేది. మాగని ఎరువులో ఎసిటిక్ ఆమ్లంలాంటివి, అమోనియా మిగిలి ఉంటాయి, లేతవేళ్లని కాల్చేస్తాయి. అందుకే ముందు హలీం గింజల మీద పరీక్ష పెట్టారు. పచారీ కొట్లో ఆదిత్యాలు అని కూడా ఇస్తారే, అవే. రెండు సాసర్లలో తడి కాగితం, ఒకదానిలో మంచినీళ్లు, రెండోదానిలో ఎరువు నానబెట్టి వడకట్టిన నీళ్లు. నీళ్ల సాసర్లో వేళ్లు తెల్లగా, దారాల్లా సాగాయి. రెండోదానిలో పొట్టిగా, కొసలు గోధుమరంగులో ఉన్నాయి. స్కేలు పెట్టి ఒక్కో వేరూ కొలిచి, ఎరువుని మళ్లీ డబ్బాకెత్తి నెలలకొద్దీ మాగబెట్టారు. సైన్స్ ఫెయిర్ తేదీ తరుముకొస్తుంటే ఆగడం మాటలు కాదు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఆగడమే.

ఆ ఎరువుతో నారు పెంచడానికి వాళ్లు కట్టుకున్న గ్రీన్‌హౌస్ దగ్గర నా మెచ్చుకోలు కాస్త తగ్గుతుంది. వెదురు బద్దల మీద పాలిథీన్, పక్కలు చాపలా పైకి చుట్టేయొచ్చు. జనవరి రాత్రుల చలికి టమాటా గింజ మొలవడానికి మొరాయిస్తుంది, అందుకే ఇది. మాగిన ఎరువు కలిపిన మట్టి ట్రేలు, ఉత్తమట్టి ట్రేలు పక్కపక్కన పెట్టి, గోడ దగ్గరివి రోజూ మధ్యకి జరుపుతున్నారు. అది మంచి అలవాటు. కానీ చార్టు మీద ‘గ్రీన్‌హౌస్ వల్ల నారు త్వరగా ఎదిగింది’ అని రాశారు. ఉన్న గ్రీన్‌హౌస్ ఒక్కటే, దాన్ని పోల్చిన ఆరుబయలూ ఒక్కటే. ఆ తేడా గ్రీన్‌హౌస్ వల్లనా, ఆ మూల నేల వల్లనా అన్నది ఎన్ని ట్రేలు పెట్టినా తేలదు. ఎరువు గురించి వాళ్ల మాట నిలుస్తుంది, గ్రీన్‌హౌస్ గురించి నిలవదు. చెప్పాను. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అందులో పొడుగమ్మాయి పెన్సిల్ తీసి ఆ వాక్యం పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

మాగిన డబ్బా మూత తీసి వాసన చూడమన్నారు. తొలకరి పడ్డ మట్టి వాసన. ఆ వాసన ఇచ్చే జియోస్మిన్‌ని తయారుచేసే సూక్ష్మజీవులు వాన తడిసిన నేలలోనూ, ఇందులోనూ ఉంటాయి.

గ్రీన్‌హౌస్ ఎందుకు వేడిగా ఉంటుందని అడిగాను, పుస్తకంలో ఉన్నట్టు పరారుణ కిరణాలంటారేమోనని. 1909లో ఆర్.డబ్ల్యూ. వుడ్ అనే భౌతికశాస్త్రవేత్త రెండు పెట్టెలు చేసి, ఒకదానికి గాజు, రెండోదానికి పరారుణాన్ని పోనిచ్చే రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. రెండిటి వేడీ దాదాపు ఒకటే. అంటే అసలు పని వెచ్చని గాలిని పోనివ్వకుండా పట్టి ఉంచడమే. ఈ కథ చెబుదామని నోరు తెరిచాను.

“సార్, ఫస్టు తలుపు వెయ్యండి” అంది పొట్టి అమ్మాయి, “వేడంతా పోతోంది.”