షాటుకీ షాటుకీ మధ్య

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ బరువంతా మోసింది తొమ్మిదేళ్ల పిల్లవాడు, సింధూరి కృష్ణారావు. షూటింగ్ బొంబాయిలో. చుట్టూ సురభి నాటకాలవాళ్లు, ఎదురుగా హిరణ్యకశిపుడి వేషంలో మునిపల్లె సుబ్బయ్య. షాటు అవగానే ఆ పిల్లవాడు ఎక్కడికి పరిగెత్తేవాడు? ఎవరు అన్నం కలిపి పెట్టేవారు? చూపించడానికి అడుగు ఫిల్ము లేదు. ఆ మాటకొస్తే సినిమా ప్రింటే మిగల్లేదు. విడుదల తేదీని కూడా దశాబ్దాలపాటు 1931 సెప్టెంబరు 15 అనే చెప్పుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆధారాలు వెతికి, 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు.

అదే 1932లో కొడాక్ కంపెనీ ఇళ్లలో వాడుకునే 8 ఎం.ఎం. కెమెరా తెచ్చింది. అంతకుముందే, 1923లో, 16 ఎం.ఎం. వచ్చింది. హాలీవుడ్‌లో కలిగినవాళ్లు ఈ బుల్లి కెమెరాలతో తమ పిల్లల్ని, షూటింగ్ విరామాల్ని తీసుకున్నారు. స్టూడియోలు వాడిన నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునే సరుకు. ఇంటి ఫిల్ము అలా మండేది కాదు. మూకీల కాలంలో లోకమంతా ముద్దు చేసిన బేబీ పెగ్గీ సినిమాలు చాలావరకు పోయాయి, ఆమె పనిచేసిన సెంచరీ స్టూడియో 1926లో కాలిపోయింది. ఇంటివాళ్లు సరదాకి తీసిన రీళ్లకు ఇంత విలువ రావడం అందుకే.

మన దగ్గర అలాంటి కెమెరా ఎవరింట్లో ఉంది? తెలుగు సినిమాకు పునాది వేసిన రఘుపతి వెంకయ్యది బందరు. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన మనిషి. కానీ ఆయన సొంత సీమలో పిల్లల వేషాలు రీలు మీదకు ఎక్కలేదు. ఆయన పుట్టిన డెల్టాలోనే, గుడివాడ దగ్గర రామాపురం కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో ఆడవేషాలు కట్టి పేరు తెచ్చుకున్నారు. బెజవాడ స్టేషన్లో ఘంటసాల బలరామయ్య కంట పడ్డాకే ఆయన 1944లో ‘సీతారామ జననం’ రాముడయ్యారు. అంతకుముందు ఆ కుర్రాడు చీర కట్టి వేదిక మీద ఎలా నడిచాడో చూసినవాళ్ల నోటి మాటే మిగిలింది. కూచిపూడిలోనూ అంతే. చిన్నప్పుడు స్త్రీవేషాలు కట్టిన వేదాంతం రాఘవయ్య తర్వాత ‘దేవదాసు’ తీశారు. అక్కడి గురువులు పిల్లల చేత అడుగు వేయించిన తీరు ఏ రీలులోనూ లేదు.

పోయింది ముచ్చట ఒక్కటే అయితే ఇంత బాధ ఉండదు, పనితనం కూడా పోయింది. పిల్లల చేత నటింపజేయడంలో చిత్తజల్లు పుల్లయ్యది అందెవేసిన చెయ్యి. 1934 ‘లవకుశ’ ఆయనదే. 1936లో ‘సతీ అనసూయ’ను అందరూ పిల్లలతోనే తీశారు. 1958లో రంగుల ‘లవకుశ’ మొదలుపెడితే డబ్బు ఆడక ఆగిపోయింది, ఆయన ఆరోగ్యం పాడైంది, చివరికి కొడుకు సి.ఎస్.రావు పూర్తి చేస్తే 1963లో విడుదలైంది. ఐదేళ్లంటే పిల్లలు ఎదిగే వయసు. లవకుశులు వేసిన నాగరాజు, సుబ్రహ్మణ్యం ముఖాల మీద ఆ కాలాన్ని వెతుక్కోవడానికి సినిమా అయినా ఉంది. పుల్లయ్య వాళ్లను బుజ్జగించారా, కసిరారా, ముందు తాను చేసి చూపించారా? ఇవాళ చిన్నపిల్లలతో పనిచేసే దర్శకుడికి అది చూపించే పది నిమిషాల ఫిల్ము దొరికితే ఏ పాఠమూ దానికి సాటి రాదు.

‘సతీ అనసూయ’లో టైటిల్ పాత్ర వేసిన కృష్ణవేణి, తర్వాత ‘మనదేశం’ తీసి ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేశారు. వందేళ్లు బతికి 2025 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. బేబీ పెగ్గీ 2020లో, నూట ఒక్క ఏళ్లకు. ఇద్దరూ తమ చిన్నతనానికి తామే సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇళ్లలో మిగిలిన ఫొటోలకూ భద్రత లేదు. దివిసీమలో 1977 నవంబరు ఉప్పెన వేలమంది ప్రాణాలతోపాటు ఇళ్లలోని ఫొటోలనీ తుడిచిపెట్టింది. మిగిలిన చోట్ల చెమ్మ, ఉప్పుగాలి నెమ్మదిగా అదే పని చేస్తున్నాయి. గుడివాడ, బందరు, అవనిగడ్డ ఇళ్లలో నాటకాల ఫొటోలు, వీడియో క్యాసెట్లు ఇంకా ఎన్నో ఉండే ఉంటాయి. రంగు పూసుకుని నిలబడ్డ కుర్రాడు ఎవరో చెప్పగలిగినవాళ్లకు ఎనభై దాటాయి. సంక్రాంతికి అందరూ ఊళ్లో ఉన్నప్పుడు ఆల్బమ్ వాళ్ల ముందు పెట్టి, పేరూ ఊరూ అడిగి, ఫొటో వెనక పెన్సిల్‌తో రాయాలి. క్యాసెట్లను ఆ వారంలోనే డిజిటల్ చేయించాలి.